బోడిగుండుకీ మోకాలికీ ముడి

(వ్యాయామ శిక్షకులు, జిమ్‌కి వెళ్లే యువతీయువకుల సమావేశంలో ఒక చర్మవైద్య నిపుణుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో విషయం చెప్పగానే నవ్వొచ్చింది. "కసరత్తుకీ ఒంటి మీద వెంట్రుకలకీ ఉన్న సంబంధం గురించి మాట్లాడండి డాక్టర్ గారూ" అన్నారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటాం కదా, సరిగ్గా అదే గుర్తొచ్చింది. రాత్రి కూర్చుని ఆలోచిస్తే తట్టింది. మా చర్మవైద్యంలో ఆ ముడి నిజంగానే ఉంది. బోడిగుండునీ మోకాలినీ కలిపే దారం ఒకటుంది. దాని దగ్గరికి మెల్లగా వెళ్దాం.

నా దగ్గరికి ఈ గొడవతో వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడు వస్తాడు. చొక్కా గుండీలు విప్పి, "జిమ్‌లో చేరి ఏడాదైందండీ, ఛాతీ మీద ఎలా వచ్చేశాయో చూడండి, బరువులెత్తడం మానేస్తే తగ్గుతాయా?" అంటాడు. అతను వెళ్లిన పది నిమిషాలకి ఒకమ్మాయి, వెంట వాళ్లమ్మ. మాస్కు కిందకి లాగి గడ్డం చూపిస్తుంది. "బరువు తగ్గితే ఇవి పోతాయన్నారు, ఆరు కిలోలు తగ్గాను, ఒక్కటీ పోలేదు" అంటుంది. వ్యాయామం వల్ల వచ్చాయని అతనికి కోపం, వ్యాయామం చేసినా పోలేదని ఈమెకి కోపం. మధ్యలో పాపం వ్యాయామం. (నవ్వులు)

ముందు ఓ చిన్న పని చేద్దాం. అందరూ ఎడమ చెయ్యి చాపండి. ముంజేతిని వెలుతురుకి అడ్డంగా పెట్టి, పక్కనించి చూడండి. పైవైపు నల్లగా కొన్ని కనపడుతున్నాయి. ఇప్పుడు చెయ్యి తిప్పండి. లోపలివైపు నున్నగా ఉందనుకుంటాం. కంటికి దగ్గరగా తెచ్చుకోండి, ఇంకొంచెం. రంగు లేకుండా, పట్టు పోగుల్లాగా... కనిపించిందా? అదీ నూగు. అరచేతులు, అరికాళ్లు, పెదవులు లాంటి కొన్ని చోట్లు వదిలేస్తే మనకి ఒళ్లంతా వెంట్రుకల కుదుళ్లే. అన్నీ కలిపి సుమారు 50 లక్షలు. అందులో తల మీద ఉన్నవి లక్ష, అటూ ఇటూగా. మనం తల గురించే ఏడుస్తాం గానీ లెక్కలో అది చాలా చిన్న వాటా.

ఈ 50 లక్షల కుదుళ్లూ తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. పుట్టాక కొత్త కుదురు ఒక్కటి కూడా రాదు. కసరత్తు చేసినా రాదు, నూనె రాసినా రాదు. ఇంకో మాట, ఈ లెక్కలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమ్మాయి పై పెదవి మీద ఎన్ని ఉన్నాయో, మీసం మెలేసేవాడికీ దాదాపు అన్నే. తేడా ఏమిటంటే అతనివి ముదిరాయి, ఆమెవి నూగుగా ఉండిపోయాయి. "నూనూగు మీసాల వయసు" అంటారే, ఆ మాట పుట్టించినవాళ్లెవరో గానీ ఒక పాఠ్యపుస్తకం అధ్యాయాన్ని మూడు మాటల్లో చెప్పేశారు. కాబట్టి "వెంట్రుకలు పెరిగాయి" అని ఎవరైనా అన్నప్పుడు జరిగింది రెండింట్లో ఒకటి. నూగు ముదిరి నల్లగా, దళసరిగా అయినా అయ్యుండాలి, లేకపోతే ఉన్నవే దగ్గర దగ్గరగా జరిగి ఒత్తుగా కనిపించైనా ఉండాలి.

ఈ రెండోది ఎవరూ పట్టించుకోరు. నడుము చుట్టుకొలత 100 సెంటీమీటర్లున్న మనిషి కష్టపడి 90కి వచ్చాడనుకోండి. పొట్ట మీద కుదుళ్లన్నీ ఎక్కడికీ పోలేదు. జాగా మాత్రం పదో వంతు తగ్గింది. నూరులో పరుచుకున్నవి తొంభైలో సర్దుకోవాలి. ఒక్క వెంట్రుక కొత్తగా రాకుండానే ఒత్తు 11 శాతం పెరిగింది. "సన్నబడ్డాక పొట్ట మీద ఎక్కువయ్యాయి" అని నాతో చెప్పినవాళ్లు అబద్ధమాడలేదు, వాళ్ల కళ్లు సరిగ్గానే చూశాయి. దండచెయ్యి దగ్గర ఇది తిరగబడుతుంది. కండ పెరిగి 30 సెంటీమీటర్లది 33 అయితే అక్కడ వెంట్రుకలు ఆ మేరకు ఎడమవుతాయి. "నా చేతుల మీద పలచబడ్డాయి, ఏదైనా లోపమా" అని మీలో ఒకాయన అడిగారు ఇందాక బయట. లోపం కాదండీ, లాభమే. (నవ్వులు)

ఇక కండలు తిరిగినవాళ్ల ఫొటోల్లో ఒంటి మీద ఒక్క వెంట్రుక ఉండదు కదా, బాగా ఫిట్‌గా ఉంటే రాలిపోతాయేమో అనుకునేవాళ్లున్నారు. అవి రాలినవి కావు, గీయించినవి. వెంట్రుకలుంటే కండరాల మధ్య గీతలు కనపడవు, అందుకని పోటీకి ముందు ఒళ్లంతా గీసుకుంటారు. ఈతగాళ్లు గీసుకోవడానికి ఇంకో కారణం. 1989లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒంటి వెంట్రుకలు గీసుకున్నాక అదే దూరం ఈదడానికి పడే శ్రమ తగ్గిందని, ఒక్కో బారకి ముందుకెళ్లే దూరం పెరిగిందని తేలింది.

ఇప్పుడు మొదటి సంగతికి వద్దాం. నూగు ఎందుకు ముదురుతుంది?

దీనికి పురుష హార్మోన్లు కావాలి. పేరు పురుష హార్మోన్లు గానీ ఆడవాళ్లలోనూ ఉంటాయి, తక్కువ మోతాదులో. అందరికీ తెలిసిన పేరు టెస్టోస్టెరాన్. అది కుదురు దగ్గరికి వచ్చాక అక్కడున్న ఒక ఎంజైమ్ దాన్ని డీహెచ్‌టీ అనే ఇంకా గట్టి హార్మోన్‌గా మారుస్తుంది. గడ్డం, మీసం, ఛాతీ, వీపు, ఈ చోట్ల నూగుని ముదరబెట్టేది ఎక్కువగా ఈ డీహెచ్‌టీయే. అదే డీహెచ్‌టీ నడినెత్తి మీద కుదుళ్ల దగ్గరికి వెళ్తే సరిగ్గా ఎదురు పని చేస్తుంది. ముదురు వెంట్రుకని ఏటికేడు సన్నబరిచి మళ్లీ నూగు చేసేస్తుంది. బట్టతల అంటే జుట్టు పోవడం కాదు, నూగు కావడం. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యవ్వనం రాకముందే వృషణాలు తీసేసిన మగవాళ్లకి బట్టతల రాదని గమనించాడు. వాళ్లకి టెస్టోస్టెరాన్ ఇచ్చి చూస్తే, ఇంట్లో బట్టతల ఉన్న కుటుంబాలవాళ్లకి వచ్చింది. ఇదిగో, మనం వెతుకుతున్న ముడి. పైన గుండు బోడి చేసేదీ, కింద మోకాలి పైన తొడల మీద వెంట్రుకలు మొలిపించేదీ ఒకటే హార్మోను. ఆ సామెత అన్నవాళ్లకి ఈ సంగతి తెలిస్తే ఇంకో సామెత వెతుక్కునేవాళ్లు.

"అయితే కండలు పెంచేదీ ఆ హార్మోనే కదా, కండ పెరిగితే వెంట్రుకలూ పెరగాలి కదా" అని మీరు అడగబోతున్నారు. ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మీద వచ్చిన పరిశోధన ఒకటుంది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లలనుకుని పెంచారు. ఈడు వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, భుజాలు విచ్చుకున్నాయి, కండలు తిరిగాయి. వాళ్లు పుట్టుకతో మగపిల్లలే. టెస్టోస్టెరాన్‌ని డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ మాత్రం వాళ్లలో సరిగా లేదు. పెద్దయ్యాక చూస్తే మంచి కండపుష్టి ఉన్న మగవాళ్లు, కానీ గడ్డం పలచన, ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, నుదురు వెనక్కి జరగడమనేది లేదు. చూశారా! కండకి టెస్టోస్టెరాన్ నేరుగా చాలు, ముదురు వెంట్రుకకి అది డీహెచ్‌టీగా మారాలి. రెండూ ఒకే నది నీళ్లే, కాలవలు వేరు. బట్టతలకి వాడే ఫినాస్టెరైడ్ మాత్ర ఆ ఎంజైమ్‌ని అడ్డుకునేదే.

పైగా బరువులెత్తినప్పుడు టెస్టోస్టెరాన్ పెరిగేది ఎంతసేపు? పావుగంటో, అరగంటో, మహా అయితే గంట. స్నానం చేసి ఇంటికెళ్లేలోపు మళ్లీ మామూలు మట్టానికి వచ్చేస్తుంది. నూగు ముదరడానికి నెలలు, ఏళ్లు హార్మోను అందుతూ ఉండాలి. మరి ఆ కుర్రాడి ఛాతీ సంగతి? అతనికి ఇరవై రెండు. మగవాళ్లకి ఛాతీ మీద, పొట్ట మీద వెంట్రుకలు ఇరవైల్లోనూ ముప్పైల్లోనూ వస్తూనే ఉంటాయి. జిమ్‌లో చేరే వయసూ అదే. రెండూ ఒకే రైలెక్కాయి, అంతమాత్రాన చుట్టాలు కావు. అతని నాన్నగారి ఛాతీ ఎలా ఉంటుందని అడిగాను. తల దించుకుని నవ్వాడు.

ఒకే మోతాదు టెస్టోస్టెరాన్ ఉన్న ఇద్దరు మగవాళ్లలో ఒకరు ఎలుగుబంటిలా, ఇంకొకరు నున్నగా ఉండొచ్చు. రక్తంలో ఎంత ఉందన్నదొక్కటే కాదు, కుదురు దాన్ని ఎంత పట్టించుకుంటుందన్నది తాతముత్తాతల నించి వస్తుంది. అందుకని ఒంటి మీద వెంట్రుకలు చూసి ఎవరి మగతనాన్నీ, ఎవరి బలాన్నీ కొలవకండి. ఇది ట్రైనర్లకి ముఖ్యంగా చెప్తున్నాను, మీ లాకర్ గదుల్లో వినపడే మాటలు నాకు తెలుసు.

ఆడవాళ్ల దగ్గరికొస్తే కథ మారుతుంది. ఇక్కడ ఒంట్లో కొవ్వుకీ వెంట్రుకలకీ నిజమైన సంబంధం ఉంది, అదీ లివర్ మీదుగా.

టెస్టోస్టెరాన్ రక్తంలో చాలామటుకు ఒంటరిగా తిరగదు. ఎస్‌హెచ్‌బీజీ అని ఒక ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పట్టుకున్నంతసేపూ ఆ హార్మోను ఏ పనీ చెయ్యలేదు. విడిగా తిరిగే కొద్దిపాటిదే కుదురుదాకా వెళ్తుంది. ఈ ప్రోటీన్‌ని తయారుచేసేది లివర్. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నకొద్దీ ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు, వినకపోయేసరికి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ ఊరుతుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ రెండు పనులు చేస్తుంది. అండాశయాలని ఎగదోసి పురుష హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. లివర్‌లో ఎస్‌హెచ్‌బీజీ తయారీని తగ్గిస్తుంది. దొంగలు పెరిగారు, పోలీసులు తగ్గారు. పీసీఓఎస్, అంటే అండాశయాల్లో హార్మోన్ల లెక్క తప్పే సమస్య ఉన్న అమ్మాయిల్లో చాలామందికి జరిగేది ఇదే. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు, నెలసరి తప్పడం, మొటిమలు అన్నీ కలిసి వస్తాయి. మెడ వెనక చర్మం నల్లగా, మఖమల్ గుడ్డలా దళసరిగా అవుతుంది. దాన్ని మురికి అనుకుని పీచుతో రుద్ది రుద్ది పుండు చేసుకుని వస్తారు. అది మురికి కాదమ్మా, ఇన్సులిన్ రాసిన ఉత్తరం.

మరి వ్యాయామం ఏం చేస్తుంది? తిన్న తరవాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేది కండే. పనిచేసిన కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఒక్క పూట గట్టిగా చేస్తే ఆ ప్రభావం ఒకటి రెండు రోజులుంటుంది, అందుకే వారానికోసారి కుమ్మెయ్యడం కన్నా రోజు విడిచి రోజు చెయ్యడం మేలు. తూకంలో ముల్లు కదలకపోయినా ఈ లాభం ఉంటుంది. దాంతో పాటు బరువులో 5 నించి 10 శాతం తగ్గితే ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది, నెలసరి చాలామందిలో దారిన పడుతుంది. 80 కిలోల మనిషికి అది నాలుగు నించి ఎనిమిది కిలోలు. సన్నగా ఉండి పీసీఓఎస్ ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లని "బరువు తగ్గు" అని వేధించకండి, తగ్గడానికి అక్కడ ఏమీ లేదు.

వెంట్రుకల విషయంలో మాత్రం నేను ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫలితం చిన్నది. ఒకసారి ముదిరిన వెంట్రుక మళ్లీ నూగు కావడానికి మొరాయిస్తుంది. వ్యాయామం చేసే మేలు ఎక్కువగా కొత్తవి ముదరకుండా చూడటం, ఉన్నవి పెరిగే జోరు కొంత తగ్గించడం. ఆరు కిలోలు తగ్గిన ఆ అమ్మాయికి నేను ఇదే చెప్పాను. నీ కష్టం వృథా కాలేదు, వెంట్రుకలకి మాత్రం మందో లేజరో తోడు కావాలి, అన్నాను. వాళ్లమ్మగారు నా వంక కోపంగా చూశారు. నేనూ "తగ్గు, పోతాయి" అని మందలిస్తానని తీసుకొచ్చినట్టున్నారు.

అవాంఛిత రోమాలు ఎంత ఉన్నాయని కొలవడానికి మాకొక పద్ధతుంది. 1961లో ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు బ్రిటన్‌లో తయారుచేశారు. మొదట ఒంటి మీద 11 చోట్లు చూసేవాళ్లు. తరవాత ముంజేతులూ మోకాలి కింది కాళ్లూ తీసేసి 9 చేశారు. ఎందుకు తీసేశారంటే, అక్కడి వెంట్రుకలకి పురుష హార్మోన్లతో పెద్దగా పని లేదు. కాబట్టి చేతుల మీదా కాళ్ల మీదా మాత్రమే వెంట్రుకలున్న అమ్మాయిలు హార్మోన్ పరీక్షలకి పరిగెత్తనక్కర్లేదు. గడ్డం, ఛాతీ, బొడ్డు కింద గీత, వీపు, ఇక్కడ ముదురువి కొత్తగా వస్తుంటే డాక్టర్ దగ్గరికి రావాలి. కొద్ది నెలల్లోనే దట్టంగా వచ్చేసి, గొంతు కూడా మారుతుంటే, రేపటిదాకా ఆగకూడదు.

మగవాళ్లలో కొవ్వు పెరిగితే టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, కొవ్వు కణాలు దాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి. అయినా గడ్డం ఊడిపోదు. అంతే, అక్కడితో వదిలేద్దాం.

నన్ను నిజంగా భయపెట్టేది రెండో చివర. మరీ సన్నబడటం. తిండి మానేసి, రోజుకి రెండు పూటలా కసరత్తు చేసి, ఒంట్లో కొవ్వు బాగా పడిపోయిన అమ్మాయిలు వస్తారు. తల మీద జుట్టు కుచ్చులుగా రాలుతుంటుంది. వీపు మీద, ముంజేతుల మీద, బుగ్గల పక్కన మాత్రం మెత్తటి, పొడుగాటి నూగు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒంటి మీద అచ్చం ఇలాంటి నూగే ఉంటుంది. లావైపోతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా అనే జబ్బులో ఇది బాగా తెలిసిన గుర్తు. ఇది పురుష హార్మోన్ల పని కాదు, ఆకలి చేసే పని. వాళ్లకి నెలసరి ఆగిపోయి ఉంటుంది, చేతులు చల్లగా ఉంటాయి, నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. క్రీడాకారుల్లో వచ్చే ఇలాంటి స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. చేసే పనికి సరిపడా తిండి అందకపోవడమని అర్థం. మగ క్రీడాకారులకీ వస్తుంది. ట్రైనర్లూ, మీ దగ్గర చేరిన పిల్ల వీపు మీద కొత్తగా నూగు కనపడితే వ్యాక్సింగ్ చేయించుకోమని చెప్పకండి. ఏం తింటోందో అడగండి.

ఇంక స్టెరాయిడ్లు, అంటే కండల కోసం వేసుకునే టెస్టోస్టెరాన్ లాంటి మందులు. వాటిని కొన్ని వారాలపాటు వాడుతూ "సైకిల్ వేస్తున్నా" అని కుర్రాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. కసరత్తు చెయ్యలేనిది ఇంజెక్షన్ చేస్తుంది, అరగంట కాకుండా వారాల తరబడి హార్మోను అందిస్తుంది. అప్పుడు వెంట్రుకలు నిజంగానే మారతాయి. తల మీద పోతాయి, వీపు మీద వస్తాయి. తూర్పు జర్మనీలో టీనేజీ అమ్మాయిలకి విటమిన్లని చెప్పి నీలం మాత్రలు మింగించారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఈత పోటీల్లో 13 స్వర్ణాలకి 11 ఆ దేశమే పట్టుకుపోయింది. ఆ అమ్మాయిల గొంతులు బొంగురుపోయాయి, ఒంటి మీద వెంట్రుకలు వచ్చాయి. ఆ పథకం నడిపిన ఇద్దరు పెద్దలకి 2000లో బెర్లిన్ కోర్టులో శిక్ష పడింది. అమ్మాయిల గొంతు ఒకసారి మారితే మందు ఆపినా పాత గొంతు తిరిగి రాకపోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: గీస్తే దట్టంగా వస్తాయంటారు. నిజమేనా?

కాదు. 1928లోనే కొలిచి చూశారు. 1970లో అయిదుగురు మగవాళ్ల చేత కొన్ని నెలలపాటు వారానికోసారి ఒకే కాలు గీయించి, రెండో కాలితో పోల్చారు. తేడా లేదు. సహజంగా వెంట్రుక కొస సూదిలా సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో నరికేసరికి మొద్దు కొస బయటికొచ్చి గరుగ్గా తగులుతుంది. గీసుకోవడం మాటొచ్చింది కాబట్టి గడ్డం గురించి ఒకటి చెప్తాను. అదే 1970లో నేచర్ పత్రికలో ఒకాయన పేరు పెట్టకుండా ఉత్తరం రాశాడు. ఆయన వారాల తరబడి ఒక మారుమూల దీవిలో పనిచేసేవాడు. రోజూ గీసిన గడ్డాన్ని రేజర్‌లోంచి దులిపి తూచేవాడు. తన మనిషిని కలవడానికి బయల్దేరే ముందు గడ్డం బరువు పెరిగేదట! (నవ్వులు) ఒక్కడి లెక్కే, అది గుర్తుపెట్టుకోండి. అయినా దీవిలో కూర్చుని గడ్డం తూచుకున్న మనిషంటే నాకు గౌరవం.

ప్రశ్న: కండబలం కోసం తీసుకునే క్రియాటిన్ పొడి వాడితే జుట్టు ఊడుతుందా?

ఈ భయానికి మూలం 2009లో రగ్బీ ఆటగాళ్ల మీద జరిగిన ఒక చిన్న పరిశోధన. 20 మంది. క్రియాటిన్ తీసుకున్నప్పుడు డీహెచ్‌టీ పెరిగిందన్నారు. ఊడిన వెంట్రుకలని మాత్రం వాళ్లు లెక్కపెట్టలేదు. అంత చిన్నదాన్ని పట్టుకుని అంత పెద్ద భయం అక్కర్లేదని నా ఉద్దేశం.

ప్రశ్న: నేను నాలుగు నెలల్లో 12 కిలోలు తగ్గాను డాక్టర్ గారూ. ఇప్పుడు తల మీద గుప్పెళ్లుగా రాలుతోంది, గడ్డం కింద ఉన్నవి మాత్రం అలాగే ఉన్నాయి. పోవాల్సినవి పోకుండా ఉండాల్సినవి పోతున్నాయి.

(నవ్వులు) నవ్వకండి, ఆవిడ బాధ నిజం. చూడమ్మా, ఒంటికి గట్టి కుదుపు తగిలినప్పుడు తల మీద చాలా కుదుళ్లు ఒకేసారి పెరగడం ఆపి విశ్రాంతిలోకి వెళ్తాయి. అవి రాలడం రెండు మూడు నెలల తరవాత మొదలవుతుంది. అంటే ఈ రోజు దువ్వెనలో వస్తున్నది ఈ నెల తిండి ఫలితం కాదు, మీరు మొదట్లో మరీ కడుపు మాడ్చుకున్నారే, అప్పటిది. కుదురు చావలేదు, తిండి, ముఖ్యంగా ప్రోటీను, ఐరన్ సరిగా అందితే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. ఐరన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. గడ్డం కింద సంగతి వేరు. అక్కడ ఇప్పుడు కనపడుతున్న వెంట్రుక మీరు బరువు తగ్గకముందు మొదలైనది కావచ్చు. అది తన కాలం పూర్తిచేసుకుని రాలి, దాని చోట ఇంకొకటి వచ్చాకే తేడా తెలుస్తుంది. అందుకే మేం మందు ఇచ్చినా ఆర్నెల్లదాకా తీర్పు చెప్పం. ఒక పని చెయ్యండి. ఇంటికెళ్లి కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో గడ్డం కింద ఒక ఫొటో తియ్యండి, తారీఖు రాసుకోండి. ఆర్నెల్లకి అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఇంకొకటి తియ్యండి. ఈలోపు రోజూ అద్దం ముందు నిలబడి లెక్కపెట్టకండి. ఆ రెండు ఫొటోలూ పట్టుకుని రండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.